నలభై సెకన్ల డాక్టరు

తడిగుడ్డతో రెండుసార్లు తుడిచినా పలక మీది అక్షరాలు పూర్తిగా పోలేదు. వారం రోజులుగా ఎండ తగిలి సుద్ద పలకకి పట్టేసినట్టుంది. టార్చి బాబాయి గుడ్డని బకెట్లో ముంచి, పిండి, ఈసారి మోచేతి బలమంతా పెట్టి రుద్దాడు. ‘పేషెంటుకేం’ పోయింది. ‘డాక్టరు గారే’ మాత్రం మొండికేసి, మసకగా కనిపిస్తూనే ఉంది.

“పొద్దున్నే పలకతో ఏంటి బాబాయ్ ఆ కుస్తీ?” అంది కౌంటరమ్మాయి, అద్దం వెనక టికెట్ల కట్టలు సర్దుకుంటూ. అమ్మాయి అంటారు గానీ నలభై దాటిన మనిషి. ఆ కిటికీ వెనక మొదటిసారి కూర్చున్నప్పుడు పడిన పేరు అలాగే ఉండిపోయింది.

“తుడుస్తున్నా.”

“రేపు కొత్త సినిమా వస్తే ఎలాగూ తుడుస్తాంగా. ఇవాళ ఒక్కరోజు ఉంటే ఏం పోయింది? సగం మంది ఆ మాట కోసమే వస్తున్నారు.”

టార్చి బాబాయి గుడ్డని మళ్లీ బకెట్లో ముంచాడు. అతను ఒక ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఊరుకోవడం కౌంటరమ్మాయి చూడటం ఇదే మొదటిసారి. తల వంచి అద్దం కింది కంతలోంచి అతని మొహం చూసింది. గడ్డం గీసుకోలేదు. కళ్ల కింద వాపు. ఖాకీ చొక్కా మాత్రం మడత నలగకుండా ఉంది. అది అతని భార్య చలవ. పొద్దున ఆ చొక్కా చేతికిస్తూ ఆవిడ కూడా అడిగింది, “ఏమైంది, సినిమా ఫ్లాపా?” అని. “సినిమా కాదు, నేనే” అన్నాడతను. ఆవిడ నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను ఏమన్నా నవ్వడం అందరికీ అలవాటైపోయింది.

అసలు ఆ హాల్లో అతనికో మొహం ఉందని చాలాకాలం ఎవరికీ తెలియదు. ముప్ఫై ఐదేళ్లు చీకట్లో పనిచేసిన మనిషి. ఆలస్యంగా వచ్చినవాళ్ల టికెట్టు చూసి, మూడు బ్యాటరీల టార్చి వేసి, వరుస చూపించి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాడు. చెప్పుల చప్పుడు కాకూడదని అడుగుకి సైకిలు ట్యూబు ముక్క అంటించుకున్నాడు. చేరిన కొత్తలో పాత గేటాయన ఒకే ఒక్క పాఠం చెప్పాడు. “వెలుగు మోకాలు దాటకూడదురా. హాల్లో ఎవడు ఎవరితో వచ్చాడో, ఎవడు ఏడుస్తున్నాడో నీకు అనవసరం. నీకు కాళ్లు చాలు.” ఆ మాట ప్రకారం అతను ముప్ఫై ఐదేళ్లూ జనాన్ని కాళ్లతోనే గుర్తుపట్టాడు. జనం మాత్రం అతన్ని ఏ విధంగానూ గుర్తుపట్టలేదు. ఒకసారి పక్కవీధి బట్టల కొట్టాయన, వారానికి రెండు సినిమాలు చూసే మనిషి, బయట వెలుగులో ఎదురుపడి, “ఊరికి కొత్తా?” అని అడిగాడు.

పలక వచ్చాక అంతా మారిపోయింది. ఆరేళ్ల క్రితం ఎవరో, “ఎలా ఉంది సినిమా?” అని అడిగితే, “ఇంటర్వెల్ బాగుందండీ, టీ వేడిగా ఉంది” అన్నాడు. కౌంటరమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వి, ఆ మాటని పలక మీద రాసి కిటికీ పక్కన వేలాడదీసింది. ఆ మర్నాటినుంచి జనం పోస్టరు కంటే ముందు పలక చూడటం మొదలుపెట్టారు. ఓ ఫైటింగు సినిమాకి, “హీరో కొట్టిన వాళ్లంతా లేచి వెళ్లిపోయారు, కూర్చున్నవాళ్లమే లేవలేకపోయాం” అన్నాడు. దెయ్యం సినిమాకి, “దెయ్యం మొదటి ఆటకే భయపడి పోయింది, రెండో ఆట నుంచి దాని చెల్లెలు చేస్తోంది” అన్నాడు. మూడు గంటల ప్రేమకథకి, “వాళ్లిద్దరికీ ఎప్పుడో కుదిరింది, డైరెక్టరుకే కుదర్లేదు” అన్నాడు. మేనేజరు మొదట గుర్రుమన్నాడు. తిట్టిన సినిమాలకే టికెట్లు ఎక్కువ తెగుతున్నాయని తెలిశాక ఊరుకున్నాడు. బట్టల కొట్టాయన దారి దాటి వచ్చి మరీ చెయ్యి కలిపాడు. చేతిలో టార్చి ఉంటే చాలు, పిల్లలు కూడా, “బాబాయ్, ఈ వారం ఏం రాశావ్?” అని పలకరించేవారు.

ఇందులో ఒక రహస్యం ఉంది. అతను ఈ సినిమాల్లో దేన్నీ మొదటినుంచి చివరిదాకా చూసినవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి, ఒకరికి సీటు చూపించి వచ్చేలోపు ఒక ముక్క, ఇంకొకరికి చూపించేలోపు ఇంకో ముక్క. ఆ ముక్కల్లోంచే మాటలు పుట్టేవి. సినిమా మొత్తం చూస్తే అంత నవ్వు పుట్టేది కాదేమోనని అతనికీ లోపల ఎక్కడో అనుమానమే.

ఈ సినిమా పోయిన శుక్రవారం వచ్చింది. హీరో అన్నయ్య దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉంటాడు. ఇంటర్వెల్‌కి పావుగంట ముందు ఓ ముసలి డాక్టరు గదిలోంచి బయటికొస్తాడు. వణుకుతున్న చేతుల్ని జేబురుమాలుతో తుడుచుకుంటాడు. రెండుసార్లు గుటక వేస్తాడు. “మేం చెయ్యగలిగింది చేశాం. ఇంక మీరు ధైర్యంగా ఉండాలి” అంటాడు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోతాడు. అంతే, నలభై సెకన్లు. ఆ సమయంలో టార్చి బాబాయి ఒక పెద్ద కుటుంబాన్ని వరుసలో సర్దుతూ, భుజం మీదుగా ఓ చూపు చూశాడు. ఇంటర్వెల్లో టీ గ్లాసు పట్టుకుని అనేశాడు.

“పేషెంటుకేం పర్లేదు. డాక్టరు గారే ముందు పోయేలా ఉన్నారు.”

క్యాంటీను దగ్గర ఉన్న పదిమందీ గొల్లుమన్నారు. సాయంత్రానికి అది పలకెక్కింది. శనివారానికి ఊరంతా పాకింది. ఆదివారం, ఆ ముసలాయన తలుపు తీసుకుని తెర మీదికి రావడం ఆలస్యం, హాలు హాలంతా, “డాక్టరు గారే ముందు!” అని అరిచింది. తెర మీద హీరో తల్లి కుప్పకూలి ఏడుస్తోంది. ఆవిడ ఏడుపు ఒక్కరికీ వినపడలేదు. టార్చి తలుపుకి ఆనుకుని, చీకట్లో ఎవరికీ కనపడకుండా ముసిముసిగా నవ్వుకున్నాడు.

సోమవారం మ్యాటినీకి, అప్పటికి మూడు రోజులుగా వస్తున్న పెద్దాయనే మళ్లీ వచ్చాడు. కాళ్లని బట్టి గుర్తు. నల్ల చెప్పులు, ఎడమ చెప్పు తోలు తెగి దారంతో కుట్టి ఉంది. వెనకనుంచి నాలుగో వరుస, దారి పక్క సీటు. ఇంటర్వెల్ దాకా కూడా ఉండకుండా లేచి వెళ్లిపోతాడు. “ఏసీ కోసం వస్తున్నాడు, చల్లబడగానే వెళ్లిపోతున్నాడు” అని టార్చి అప్పటికే కౌంటరమ్మాయి దగ్గర ఆయన మీదో జోకు వేసి ఉన్నాడు.

ఆరోజు ఆలస్యంగా వచ్చిన ఒకామె మెట్టు తప్పి తూలింది. టార్చి చెయ్యి అందించబోయాడు. వెలుగు పైకి లేచింది. ముప్ఫై ఐదేళ్లలో మొదటిసారి అది మోకాలు దాటి, నాలుగో వరుస చివరి సీటు మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే హాలంతా, “డాక్టరు గారే ముందు!” అని అరిచింది. టార్చి వెలుగులో ఉన్న మొహమూ, తెర మీదున్న మొహమూ ఒక్కటే. అవే చెంపలు, అదే గుటక. పెద్దాయన తెరవైపు చూడటం లేదు. తల వెనక్కి తిప్పి, నవ్వుతున్న వాళ్లని ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

టార్చికి తల తీసేసినట్టయింది.

పెద్దాయన లేచి వస్తుంటే, దారి చూపిస్తూ తలుపుదాకా వెంట నడిచాడు. తలుపు దగ్గర ఆయన ఆగాడు.

“బయట పలక మీద ఆ మాట ఎవరు రాశారు బాబూ?”

టార్చి చేతిలోని వెలుగు ఆర్పేశాడు. ఎందుకు ఆర్పాడో అతనికే తెలియదు.

“తెలీదండీ” అన్నాడు.

“ఎవరో గానీ బాగా పట్టుకున్నారు. షూటింగప్పుడు నాకు నిజంగానే ఒంట్లో బాగాలేదు. నిలబడలేకపోతుంటే గోడ పట్టుకోమన్నారు.” చీకట్లో ఆయన గొంతు మెత్తగా వినిపించింది. “ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశానయ్యా. పెద్ద డాక్టర్లు ఆ మాట చెప్పే ముందు చేతులు తుడుచుకుంటారు. తడి లేకపోయినా తుడుచుకుంటారు. అది ఎవరన్నా కనిపెడతారేమోనని రోజూ వచ్చి చూస్తున్నా.”

పెద్దాయన తలుపు మీద చెయ్యి వేసి మళ్లీ ఆగాడు.

“గురువారం మా ఆవిడని తీసుకొస్తాను. ఇన్నాళ్లూ మోకాళ్ల నొప్పులని రాలేదు. అప్పటికి ఆ పలక తీస్తారేమో కాస్త కనుక్కుంటావా? నాకేం లేదు. తను చిన్నబుచ్చుకుంటుందని.”

“తీయిస్తానండీ. నవ్వకుండా కూడా చూస్తాను.”

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. పలక తుడవడం తన చేతిలో పని. నవ్వు తన చేతిలోది కాదని అతనికి అప్పుడు తట్టలేదు. ఆ సాయంత్రమే పలక దింపాలని కౌంటరు దాకా వెళ్లాడు కూడా. బట్టల కొట్టాయన ఇద్దరు బంధువులకి ఆ మాట చదివి వినిపిస్తూ, “ఇదిగో, ఇతనే!” అని వేలు పెట్టి చూపించాడు. టార్చి పళ్లికిలించి వెనక్కి వచ్చేశాడు. మంగళవారం అలాగే గడిచింది. బుధవారం కూడా. తన సిగ్గు తనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చి పలక మీద పడ్డాడు.

మ్యాటినీకి జనం రావడం మొదలైంది. టార్చి గేటు దగ్గరే టికెట్లు చింపుతూ నిలబడ్డాడు. కాలేజీ కుర్రాళ్లు ఎనిమిదిమంది గుంపుగా వచ్చారు.

“బాబాయ్, పలక ఖాళీగా ఉందేంటి? డాక్టరు పోయాడా?”

“బాబూ, ఒక మాట. ఈ పూటకి ఆ సీను దగ్గర నవ్వకండి. మీకు దండం పెడతాను.”

కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టార్చి బాబాయి రెండు చేతులూ జోడించి, కళ్లు తడి చేసుకుని నిలబడ్డాడు. అతనంత బాగా నటించడం వాళ్లెప్పుడూ చూడలేదు. అందరూ ఒక్కసారిగా విరగబడ్డారు.

“ఇది దానికంటే బాగుంది బాబాయ్!”

“కాదు బాబూ, నిజంగానే చెబుతున్నా...”

“నిజంగానే అట!” అని ఇంకొకడు గోడకి ఆనుకుని నవ్వాడు. వెనకున్న వాళ్లు ఏమైంది ఏమైంది అని అడిగారు. మాట వరస వెంబడి వెనక్కి పాకింది. ఎంత బతిమాలితే అంత నవ్వారు. ఆరేళ్లుగా నవ్వించిన నోటితో ఇప్పుడు ఏడ్చినా జనానికి నవ్వులాగే వినిపిస్తోంది.

సినిమా మొదలై పది నిమిషాలయ్యాక ఆవిడ వచ్చింది. ఒక్కతే. నెరిసిన జుట్టు, ముదురు రంగు చీర, చేతిలో గుడ్డసంచి. మోకాళ్లు పట్టుకుని బయటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. రెండు టికెట్లు చాపింది. రెండూ నాలుగో వరుసవే. టార్చి నిన్ననే ఆ రెండు సీట్లూ ఇంకెవరికీ ఇవ్వొద్దని కౌంటర్లో చెప్పి ఉంచాడు.

“పెద్దాయన రాలేదామ్మా?”

“ఆసుపత్రిలో ఉన్నారు బాబూ. మొన్న చేర్చాం. పొద్దున కాస్త తేరుకున్నారు. రేపు సినిమా తీసేస్తారు, నువ్వెళ్లి చూసి రాకపోతే ఊరుకోను అని ఒకటే గోల. మా తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టి వచ్చాను.”

టార్చి వెలుగుని ఆవిడ పాదాల ముందు పరిచి, మెల్లగా వెనక్కి నడుస్తూ తీసుకెళ్లాడు. ఆవిడ చివరి సీట్లో కాకుండా దాని లోపలి సీట్లో కూర్చుంది. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన జేబురుమాలు తీసి, దారి పక్కన ఖాళీ సీటు మీద వేసింది. తెల్లగుడ్డ, అంచున నీలం గీత.

“వెయ్యమన్నారు. తన సీట్లో ఎవరూ కూర్చోకూడదట” అంది. అని చీకట్లో చిన్నగా నవ్వింది.

అది తెర మీది జేబురుమాలే. డాక్టరు చేతులు తుడుచుకున్నదే.

ఆ సీను దగ్గరపడగానే టార్చి తలుపు వదిలేసి కిందికి దిగి, కుర్రాళ్ల వరుస పక్కన నిలబడ్డాడు. తనని చూస్తే ఊరుకుంటారనుకున్నాడు. తెర మీద తలుపు తెరుచుకుంది. ముసలాయన బయటికొచ్చాడు. ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. చేతులు తుడుచుకోవడం టార్చి మొదటిసారి పూర్తిగా చూశాడు. ఒక్కో వేలే, నెమ్మదిగా, చెప్పాల్సిన మాటని వీలైనంత వెనక్కి నెడుతున్నట్టు. ఇంతకాలం తను దీనికా నవ్వింది అనుకున్నాడు.

“నవ్వకండి బాబూ, దండం పెడతాను!” అని అచ్చం టార్చి గొంతుతోనే ఒక కుర్రాడు అరిచాడు.

హాలు బద్దలైంది. ఈలలు, చప్పట్లు. ఇంకెవరో, “డాక్టరు గారే ముందు!” అందుకున్నారు. టార్చి, “ఉష్, ఉష్” అంటూ లైటు వేసి అటూ ఇటూ ఊపాడు. వెలుగు మోకాళ్లూ మొహాలూ అన్నీ దాటి పైకప్పు దాకా వెళ్లింది. అది చూసి ఇంకా నవ్వారు. నలభై సెకన్లు అయిపోయాయి.

అతను తల వంచుకుని మెట్లెక్కి వచ్చి, ఆవిడ సీటు పక్కన దారిలో గొంతుక్కూర్చున్నాడు.

“ఎందుకు బాబూ అంత నవ్వుతున్నారు?” అంది ఆవిడ. అడిగినట్టు లేదు. తెలిసే అన్నట్టుంది.

“ఆ మాట నాదేనమ్మా. మొదట అన్నది నేనే. ఆయన అడిగితే తెలీదని అబద్ధం చెప్పాను. ఇవాళ నవ్వొద్దని అడిగింది కూడా నేనే, అదీ ఇలా అయింది. నన్ను...”

“తెలుసు” అందావిడ తెరవైపే చూస్తూ. “సోమవారం ఇంటికొచ్చి చెప్పారు. రాసింది ఆ టార్చి అబ్బాయేనే, అడగ్గానే టార్చి ఆర్పేసుకున్నాడు పాపం అని. చెప్పి చెప్పి నవ్వారు.”

టార్చి తలెత్తాడు.

“ఆయన నవ్వారు” అందావిడ. “నాకు మాత్రం నవ్వు రాలేదు బాబూ.”

అంతకంటే ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇంటర్వెల్లో టీ తాగలేదు. ఎవరో, “బాబాయ్, రేపటి సినిమా మీద ఏదన్నా వదులు” అంటే, అతను వినపడనట్టు గోడవైపు తిరిగాడు. ఆవిడ సీట్లోంచి కదల్లేదు. పక్కసీటు మీది గుడ్డపై చెయ్యి వేసి కూర్చుంది.

రెండో సగం మొదలయ్యాక కాసేపటికి ఆవిడ ఒళ్లో ఫోను వెలిగింది. ఆ చిన్న వెలుగులో ఆవిడ మొహం కనిపించింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “ఆ... ఆ... సరేరా” అంది. ఫోను సంచిలో వేసుకుంది. కొంతసేపు అలాగే కూర్చుంది. తర్వాత ముందు సీటు పట్టుకుని లేచింది.

టార్చి పరుగున వెళ్లి వెలుగు పాదాల ముందు వేశాడు. ఇద్దరూ ఒక్కో మెట్టే ఎక్కారు. తలుపు బయట ఎండ మొహాన కొట్టింది.

“ఏమైందమ్మా?”

“రమ్మంటున్నారు” అందావిడ. “తొందరేం లేదట. మెల్లగానే రమ్మన్నారు.”

ఆసుపత్రి నుంచి ఫోను చేసి తొందర లేదని ఎప్పుడంటారో టార్చికి తెలుసు. ఆవిడకీ తెలుసు. అతను రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఆపి తెచ్చాడు. ఎక్కించేటప్పుడు ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసింది. అతను అప్పుడు చూసుకున్నాడు, పట్టపగలు, ఎండలో, తన చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆటో మలుపు తిరిగాక కౌంటరమ్మాయి కిటికీలోంచి పిలిచింది.

“ఆవిడ మధ్యలోనే వెళ్లిపోయిందేం బాబాయ్? సినిమా అంత ఘోరంగా ఉందా?”

టార్చి కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తడి ఏమీ లేదు. మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు. కౌంటరమ్మాయి చేతిలోని టికెట్ల కట్ట బల్ల మీద పెట్టేసింది.

“పలకా సుద్దా లోపల పెట్టెయ్” అన్నాడతను. “ఇంక వద్దు.”

“మేనేజరు అడిగితే?”

“బాబాయికి మాటలు రావట్లేదని చెప్పు.”

ఆరు గంటల ఆట ఆ సినిమాకి ఆఖరి ఆట. జనం బాగానే వచ్చారు. పలక లేకపోయినా నవ్వాల్సిన చోటు అందరికీ తెలుసు. తలుపు తెరుచుకోగానే నవ్వారు. టార్చి తలుపు దగ్గర నిలబడి, నలభై సెకన్లూ కళ్లు తిప్పకుండా తెరనే చూశాడు. వాళ్లని ఆపలేదు. ఆపే మొహం తనకి లేదనుకున్నాడు.

రెండో సగంలో తీరిగ్గా ఒకతను వచ్చాడు. నాలుగో వరుస, దారి పక్క సీటు అతనిది. టార్చి ముందు నడిచి, మెట్టు దగ్గర ఆగి, వెలుగు సీటు మీద వేశాడు. మధ్యాహ్నం ఆవిడ మర్చిపోయిందో, కావాలనే వదిలేసిందో అతనికి ఎప్పటికీ తెలియదు.

“అక్కడ మనిషి వస్తారండీ. మీకు ఇంకో సీటు చూపిస్తాను, రండి” అన్నాడు.

అతన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి వచ్చి, టార్చి మళ్లీ ఒకసారి వెలుగు అటు వేశాడు. నీలం అంచు తెల్ల జేబురుమాలు, నాలుగు మడతలూ చెదరకుండా, ఆ సీటుని అలాగే ఆపి ఉంచింది.